మందు ఉండాది

ఇప్పటిదాకా తక్కెడలో ఏమేం పడిందో ముందు చెప్పి, తర్వాత ఇంకా ఆగని ముల్లు చూపిస్తాను.

తమిళనాట గుడియాత్తంలో నాది నాటుమందుల అంగడి. నేలవేము, తిప్పతీగ, సోనాముఖి, నేల ఉసిరి. ముప్ఫై నాలుగేళ్లుగా ఎండిన ఆకూ వేరూ కొనడం, అమ్మడం తప్ప వేరే విద్య ఎరగను. నా చెల్లెలి కూతురు సురేఖ వేలూరులో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. ప్రపంచంలో ఇన్ని మొక్కలుండగా ఆ పిల్ల పట్టుకున్నది వయ్యారిభామను. రైలు పట్టాల వెంట, ఖాళీ స్థలాల్లో, తెల్లటి చిన్న పూలతో నడుమెత్తు పెరిగే కలుపు మొక్క. తాకితే దద్దుర్లు, పీలిస్తే ఆయాసం. దాని చేదులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుందట. మనిషికి దురద తెచ్చేదీ అదే, రోగపు కణాలను చంపుతుందేమోనని సురేఖ గాజు పళ్లేల్లో పరీక్షిస్తున్నదీ అదే.

నాలుగు చోట్ల నుంచి నాలుగు సంచుల ఆకు తెప్పించి ఇచ్చాను. మొదటిది నెమిలిది, నాలుగోది జోలార్పేటది, రెండూ అంతంతమాత్రం. రెండోది మా గోడౌను వెనక ఖాళీ స్థలంలోది. దాన్ని పరీక్షించిన పలక మీద ఏ ఆకుకూ రాకూడని మచ్చ ఏదో కనిపించిందని, నేను ఎండబెట్టడంలో తప్పు జరిగి ఉంటుందని పక్కన పెట్టేశారు. ఆ మాట నాకు గుచ్చుకుంటూనే ఉండింది. మూడోది లత్తేరి మునియమ్మ కోసి తెచ్చింది. అదే అద్భుతం. మిగతావి చేసిన పనిని అది అయిదో వంతు మోతాదుతో చేసి చూపించింది. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి కమిటీ కూర్చుంటుంది. వాళ్లు ఒప్పుకుంటే సురేఖ పని ఇంకో రెండేళ్లు సాగుతుంది. లేదంటే ఈ నెలతో ల్యాబు తలుపు మూసుకోవాలి. మూడో సంచి ఆకు ఎక్కడిదో, ఎలా కోశారో కోసిన మనిషి నోటనే రాయించి తెమ్మన్నారు.

అందుకని పొద్దున్నే బయల్దేరాను. మా ఆవిడ లోకేశ్వరి మేము కాపురముండే గోడౌను మేడ మీది కిటికీ దగ్గర నిలబడి మందు పీల్చుకుంటోంది. నాలుగేళ్లుగా చలికాలం వస్తే చాలు, ఆమె ఛాతీలో ఈల మోగుతుంది. ఆ కిటికీ తెరిస్తే కనిపించేది వెనక స్థలమంతా పూసిన వయ్యారిభామే.

"ఈ రోజు పన్నెండు దాటినాక జేసీబీ వస్తాది. మీరుండినా లేకున్నా వేరుతో సహా పెరికించేస్తా" అంది.

"పెరికించు. అది ఎట్లాగూ పనికిరాని సంచే గదా" అన్నాను.

"మీ మేనకోడలు దాన్ని పూజ చేస్తాది. నేను దాన్ని పీలుస్తా ఉండా. ఇద్దరిలో ఎవురి భక్తి ఎక్కువో మీరే చెప్పండి."

నవ్వి మెట్లు దిగాను. ఆ నవ్వు సంగతి చివర్లో చెప్తాను.

లత్తేరిలో మునియమ్మ రైలెక్కింది. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చీర కట్టి, నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరుతో వచ్చింది.

"ఏందక్కా, పెండ్లికా?" అన్నాను.

"కాలేజీకి నాయనా. నా జన్మలో ఎవురూ పిలవని పిలుపు. మా కోడలు అడుగుతా ఉండాది, కలుపు పెరికేదానికి కూడా సర్టిఫికెట్ ఇస్తారా అని."

"ఇప్పిస్తా ఉండు."

"దాన్నట్లా గోడకు తగిలిస్తా. ఊరంతా ఇరవై ఏండ్లుగా కూలి ఇచ్చి పీకించినారు, ఒక్కరూ మంచి ఆకు తెచ్చినావని చెప్పలేదు."

ఆమె చేతులు చూశాను. ఈ మొక్కను ఇరవై ఏళ్లు పీకిన చేతుల మీద ఒక్క దద్దురు లేదు. మునివేళ్ల నుంచి మోచేతిదాకా ప్లాస్టిక్ కవర్లు తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేసుకుని కానీ మొక్క ముట్టదట. ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడు ఒళ్లంతా గోక్కుని, రెండో ఏడు తనే కనిపెట్టింది. నా దగ్గర సరుకు వేసేవాళ్లు అరవై మంది దాకా ఉంటారు. తడి ఆకు తేనివాళ్లు, మట్టి కలపనివాళ్లు, చెప్పిన ఆకు తప్ప వేరేది తేనివాళ్లు అని ఒక్కో జల్లెడ పడుతూ పోతే చివరికి మిగిలేది మునియమ్మ ఒక్కతే. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

చెప్పింది చెప్పినట్టు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కాట్పాడిలో దిగి బస్సెక్కి ల్యాబు చేరేసరికి పదిన్నర. సురేఖ తెల్లకోటులో ఎదురొచ్చి మునియమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "రా అవ్వా, నీ కోసమే చూస్తా ఉండాము" అని తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. ఆ పిల్లకు పని నేర్పే కలైయరసి మేడం కాగితం, కలం తీసుకుని ఎదురుగా కూర్చున్నారు. మేడం మాట్లాడింది అరవంలో, మునియమ్మ చెప్పింది సగం అరవం, సగం తెలుగు. అంతా తెలుగులోనే రాస్తున్నాను.

"ఎక్కడ కోశారమ్మా?"

"లత్తేరి స్టేషను దాటితే బలరామయ్య మామిడితోపు ఉండాది గదా, దాని గట్టు మీద."

"పూసిన మొక్కా, పూయనిదా?"

"పూసిందే. ఇంకా గింజ పట్టలేదు. గింజ పడితే ఆకు చేదు తగ్గతాది."

మేడం కలం ఆపి సురేఖ వైపు చూశారు. ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి వీళ్లకు ఆరు నెలలు పట్టిందట.

"ఏ వేళప్పుడు?"

"మంచు ఆరినాక. తడి ఆకు సంచిలో వేస్తే ఉడికిపోతాది, ఈ నాయన తిడతాడు. ఎండ ముదరక ముందే కోసేసినా. మందు కొట్టిన మర్నాడు."

మేడం రాస్తూ రాస్తూ ఆగారు. "ఏమన్నారు?"

"మందు కొట్టిన మర్నాడమ్మా."

"ఏ మందు?"

మునియమ్మ నా వైపు, సురేఖ వైపు, మళ్లీ మేడం వైపు చూసింది. చదువుకున్నవాళ్లు ఇంత తెలియనట్టు అడుగుతారేమిటన్న చూపు అది.

"కలుపు మందు. మీరడిగిన మందే."

ఆ గదిలో ఏదో యంత్రం సన్నగా గుయ్‌మంటోంది. అప్పటిదాకా అది నాకు వినబడలేదు.

"మేము అడిగామా?" అన్నారు మేడం.

"ఈ నాయనే గదా చెప్పినాడు. 'అక్కా, మందుండే ఆకు కావాల. మందు లేని ఆకు మాకెందుకు' అని. నాకే అనుమానం వచ్చి తిరిగి అడిగినా. ఖాయంగా మందుండాలనా నాయనా అని. 'ఖాయంగా' అన్నాడు. అన్నావా, లేదా?"

"అన్నాను" అన్నాను.

"సరే, పెద్దోళ్లు ఏదో చూస్తారేమో అనుకున్నా. నాలుగు తోపులు తిరిగినా, ఎవురూ కొట్టలేదు. బలరామయ్య వచ్చే వారం కొడతానన్నాడు. వేలూరు కాలేజీకి కావాలంట సామీ, ఈ రోజే కొట్టు అని బతిమాలినా. ఒక ట్యాంకు కొట్టి చాలన్నాడు. నేను వదల్లేదు. ఇంకోటి కొట్టించినా, మీ కోసం."

సురేఖ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో చెప్పలేను. "అవ్వా, నేను ఫోన్లో అడిగినా గదా, ఆకులో మందు ఉండాదా అని?"

"అడిగినావు. ఉండాది మా, కారతా ఉండాది అన్నా. నువ్వు సంతోషంగా ఫోను పెట్టేసినావు."

తప్పు ఎవరిదో తేల్చడానికి నాకు తక్కెడ అక్కర్లేదు. నా అంగట్లో మందంటే రోగం తగ్గించేది. చేనిలో మందంటే చంపేది. ఒకే మాట, రెండు పళ్లేల్లోనూ కూర్చుంటుంది. అరవంలో మాత్రం వేరా, మరుందు అన్నా ఇంతే. రెండూ తెలిసినవాణ్ణి, రోజూ ఆ రెండు రకాల మనుషులతోనూ బేరమాడేవాణ్ణి, నేను ఒక్క మాట ఎక్కువ అడిగి ఉండాల్సింది. పైగా నా దగ్గరికి వచ్చిన ప్రతి ఆకునూ వాసన చూసి కానీ దించుకోను. వయ్యారిభామ నా ముక్కుకూ పడదు కాబట్టి, ఆ నాలుగు సంచులనూ మూతికి గుడ్డ కట్టుకునే ఆరబెట్టాను, కట్టుకునే పొడి చేశాను. జీవితంలో ముక్కు మూసుకుని తీసుకున్న సరుకు అదొక్కటే.

"అంటే కణాలను చంపింది ఆకు కాదు. కలుపు మందు" అన్నారు మేడం నెమ్మదిగా. గోడ గడియారం పదకొండు దాటింది.

మునియమ్మకు విషయం అప్పుడు అర్థమైంది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "నేను తప్పు చేసినానా నాయనా?" అంది.

"లేదక్కా. నేను తప్పు చెప్పినా, నువ్వు సరిగ్గా చేసినావు."

సురేఖను వసారాలోకి పిలిచాను. వ్యాపారిని కదా, మునిగే పడవలో కూడా ఏది తేలుతుందో చూడటం అలవాటు. "ఇదిగో చూడమ్మా. మునియమ్మను నేను రైలెక్కించేస్తా. తోపు పేరు, వేళ, పూత అంతా కాగితం మీద సరిగ్గానే ఉండాది. చివరి మాట ఒక్కటి ఈ గది దాటాల్సిన పని లేదు. మూడింటికి నువ్వు చెప్పాల్సింది చెప్పు. తర్వాత మంచి ఆకుతో మళ్లీ చేసుకోవచ్చు."

సురేఖ నన్ను కాసేపు చూసింది. ఆ పిల్లది మా అమ్మ మొహం. మా అమ్మ కూడా తిట్టేముందు అట్లాగే చూసేది. ఈమె తిట్టలేదు.

"మామా, మూడేండ్ల కిందట నేలవేములో వేరే ఆకు కలిసిందని ఆరు మూటలు తగలబెట్టినావు. అత్త ఏమనింది?"

"తిట్టింది."

"నువ్వేమన్నావు?"

నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది.

"మందని చెప్పి ఇచ్చేది మందుగానే ఉండాల అన్నావు. నేను ఆ రోజు మీ ఇంట్లోనే ఉండా. ఈ చదువు మొదలుపెట్టింది ఆ మాట విన్నాకే." కోటు సర్దుకుంది. "మూడో సంచిని లెక్కలోంచి కొట్టేస్తా మామా. ఎందుకు కొట్టేసినానో కూడా చెప్తా. నవ్వితే నవ్వనీ."

నా జీవితంలో చాలామంది నన్ను బేరంలో గెలిచారు. ఎదుటివాడు గెలిచినందుకు నాకు ఛాతీ ఉబ్బింది మాత్రం ఆ ఒక్కసారే. ఇరవై ఆరేళ్ల పిల్ల, రెండేళ్ల కష్టం చేతిలోంచి జారుతుంటే, గుప్పిట బిగించకుండా వేళ్లు విప్పింది.

లోపలికి వచ్చి ఆమె కలం తీసుకుని కాగితం మీద మూడో వరుసకు అడ్డంగా గీత గీయబోయింది. నాకు ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఆరు వారాల కిందట నా చేతులతో పొడి చేసిన సరుకును, పోయేముందు ఒకసారి చూద్దామనిపించింది. బీరువాలో మూడో నెంబరు సీసా తీసి మూత విప్పాను.

"మామా, ముక్కు దగ్గర పెట్టుకోకు!"

అప్పటికే పీల్చేశాను. వరసగా అయిదు తుమ్ములు. కళ్ల నీళ్లు తుడుచుకుని మళ్లీ పీల్చాను. చేదు. గొంతులో గీరుకునే పచ్చి చేదు. వేరే ఏమీ లేదు. పొడిని అరచేతిలో పోసుకుని కిటికీ వెలుగులో చూశాను. పచ్చగా ఉంది.

"ఇది మందు కొట్టిన ఆకు కాదు" అన్నాను.

"నాయనా, నేనే కొట్టించినానంటే..."

"నువ్వు కొట్టించినావక్కా. ఇది ఆ ఆకు కాదు." మేడం వైపు తిరిగాను. "మందు పడిన ఆకు నీడన ఎండినా పండుబారుతుంది. ఎంత ఎండినా కిరసనాయిలు లాంటి కంపు పోదు. ముప్ఫై నాలుగేళ్లలో ఇట్లాంటి మూటలు ఎన్ని వెనక్కి పంపానో లెక్కలేదు. రెండో సీసా ఇవ్వండి."

రెండో సీసా మూత సగం తిప్పగానే కంపు కొట్టింది. గుడ్డ లేకుండా వాసన చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. పొడి గోధుమరంగులో ఉంది.

"సంచులు యాడ పెట్టినావు?" అని సురేఖను అడిగాను.

ఖాళీ గోనె సంచులు బీరువా కింద మడిచి ఉన్నాయి. వాటి మీద నెంబర్లు నేను వేసినవే. నీలి కలిపిన నీళ్లలో పుల్ల ముంచి, తెలుగు అంకెలు. పలమనేరు వ్యాపారులతో పొత్తున్న రోజుల్లో మా నాయన పెట్టిన పద్ధతి. మా వీధిలో అందరం మాట్లాడేది తెలుగే, చదవగలిగేది ఇద్దరో ముగ్గురో. చదవలేనివాడు సంచి మార్చలేడనేవాడు మా నాయన. సురేఖకు ఆ నాలుగు అంకెలూ నోటు పుస్తకంలో రాసిచ్చి, బొమ్మలు పోల్చుకోమన్నాను. పిల్ల పోల్చుకుని సీసాల మీద ఇంగ్లీషు అంకెలు వేసింది.

రెండు సంచులు బల్ల మీద పరిచాను. తెలుగులో రెండుకూ మూడుకూ తేడా కింద ఒక తోక. మునియమ్మ సంచి మీద మూడు తోక, అడుగు కుట్టు మడతలోకి పోయింది. మడత విప్పితే తప్ప అది రెండే. మా గోడౌను వెనక ఆకు పోసిన సంచి మీద రెండు కింద నీలి చుక్క కారి, చక్కగా తోకలా ఆరింది.

సురేఖ వంగి ఆ నీలి చారను వేలితో తాకింది. "చదవలేనిదాన్ని చూసి రాసినా మామా" అంది.

"చదవలేనివాడు సంచి మార్చలేడన్నాడు మా నాయన. నువ్వు మార్చినావు. ఆయన ఉండుంటే అంగడి నీ చేతికి ఇచ్చేసేవాడు."

మేడం మా మాట మీద ఆగలేదు. కింద తోట విభాగం నుంచి మునియమ్మ చెప్పిన రకం కలుపు మందు సీసా తెప్పించి, తెల్లటి పలక మీద దాని చుక్క ఒకటి, పక్కనే రెండో సీసా పొడి నీళ్ల చుక్క ఒకటి పెట్టి, పలకను ఒక ద్రవంలో నిలబెట్టి చుక్కలను పైకి పాకనిచ్చారు. పన్నెండున్నరకు పలక తీసి దీపం కింద పెట్టారు. ఇన్నాళ్లూ పేరు తెలియని మచ్చ, కలుపు మందు మచ్చ, రెండూ భుజం భుజం కలిపి ఒకే ఎత్తులో నిలబడ్డాయి.

మునియమ్మ కూడా వంగి చూసింది. "అదేనా నేను కొట్టించింది? బాగా కనిపిస్తా ఉండాదే" అంది. అందరం నవ్వాం. మేడం ఎక్కువ నవ్వారు.

"మీ ఎండబెట్టడంలో తప్పు లేదు. క్షమించండి" అన్నారు నాతో. ఆరు వారాల ముల్లు ఊడింది. "ఇప్పుడు చెప్పండి, మీ గోడౌను వెనక స్థలంలో ఏముంది? ఒకే మొక్క మిగతా ఊళ్లలో ఒకలా, అక్కడ మాత్రం ఇంత బలంగా ఎందుకుంది?"

"ఏమీ లేదు మేడం. మా అంగడి చెత్త. పుచ్చిన వేర్లు, పొట్టు, తుడిచిన దుమ్ము, అమ్ముడుపోని ఆకు, అంతా ముప్ఫై నాలుగేళ్లుగా అక్కడే పోస్తున్నాం."

మేడమూ సురేఖా ఒకరినొకరు చూసుకున్నారు. నేలలో ఏదో ఉంటే, అది మా అంగడి ముప్ఫై నాలుగేళ్ల ఊడ్పు.

"కమిటీ మొదట అడిగేది అదే మామా" అంది సురేఖ. "అదే చోటి మొక్కతో మళ్లీ చేసి చూపించమంటారు. ఒక బుట్ట ఆకు చాలదు. వేరు, మన్ను, వచ్చే ఏటి మొలక, ఆపై ఏటి మొలక కావాల. ఆ స్థలం కదలకుండా రెండేండ్లు అట్లే ఉండాల."

గడియారం పన్నెండు నలభై.

ఫోను తీసి లోకేశ్వరికి కొట్టాను. ఆరో మోతకు ఎత్తింది. వెనక ఇంజను గర్జిస్తోంది.

"జేసీబీ వచ్చేసిందా?"

"ఇప్పుడే గేటు కాడ తిప్పుకుంటా ఉండాడు. ఏమి?"

"ఆపమను. ఒక్క మొక్క ముట్టుకోనీకు."

"ఏందండీ?"

చెప్పాను. సంచుల సంగతి, తోక సంగతి, మూడింటి కమిటీ, రెండేళ్లు. నా అంగడి వెనక పెరిగిన కలుపే పిల్ల వెతుకుతున్న ఆకని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఇంజను చప్పుడు కింద సన్నగా ఆమె ఛాతీలో ఈల వినిపిస్తూనే ఉంది. నాలుగు చలికాలాలు నా పక్కన మోగిన ఈల. పొద్దున దాన్ని వింటూనే నేను నవ్వి మెట్లు దిగి వచ్చాను.

"రెండేండ్లా?" అంది.

"రెండేండ్లు."

ఆమె అవతల ఎవరితోనో "రవంత ఆగప్పా" అంది. ఇంజను ఆగిపోయింది. ఇప్పుడు ఈల ఒక్కటే.

సురేఖ నా మొహం చూస్తోంది.

"అన్నీ తూచి చెప్తారు గదా మీరు" అంది లోకేశ్వరి, ఒక్కో మాటకూ ఒక ఊపిరి తీసుకుంటూ. "ఇది కూడా తూచి చెప్పండి. ఒకపక్క ఆ పిల్ల చెట్టు, ఒకపక్క నా ఊపిరి. మీరు ఏది చెప్తే అది చేస్తా, మాట్లాడను. చెప్పండి. డ్రైవరు కాచుకోనుండాడు."